డీలిమిటెడ్ ఫైళ్లలో ఖాళీ కాలమ్‌లను పట్టుకునే స్క్రిప్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో సాయంత్రం పూట డిగ్రీ విద్యార్థులకు, డేటా ఎంట్రీ పని చేసుకునే కొందరు యువకులకు స్క్రిప్టింగ్ ఓనమాలు నేర్పుతుంటాను. వారి చేతికి వచ్చే ఫైళ్లు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి: తాగునీటి నమూనాల పట్టికలు, వడ్ల కొనుగోలు చిట్టాలు, బత్తాయి తోటల వివరాలు. ముప్పై నలభై కాలమ్‌లున్న ఆ ఫైళ్లలో పది పన్నెండింటిలో ఒక్క అక్షరం కూడా ఉండదు. అవి ఏవో తేల్చమనడమే నేను ఇచ్చే మొదటి అభ్యాసం. ఇక్కడి ప్రశ్నలన్నీ తరగతిలో మళ్లీ మళ్లీ వచ్చినవే. ఆదేశాలను చూసి ఎత్తిరాసుకునేలా ఇవ్వకుండా కావాలనే మాటల్లో వివరించాను, ఎందుకంటే ఎత్తిరాసిన స్క్రిప్టు మొదటి తప్పు రాగానే చేతులెత్తేస్తుంది.

ప్రశ్న: డీలిమిటెడ్ ఫైల్ అంటే ఏమిటి?

వరుసకొక రికార్డు చొప్పున, రికార్డులోని గడుల మధ్య ఒక నిర్ణీత గుర్తుతో రాసుకున్న మామూలు టెక్స్ట్ ఫైల్‌ను డీలిమిటెడ్ ఫైల్ అంటారు. ఆ గుర్తే డీలిమిటర్. అది కామా అయితే సీఎస్‌వీ అనీ, ట్యాబ్ అయితే టీఎస్‌వీ అనీ పిలుస్తారు. నిలువు గీతను, అంటే పైప్‌ను వాడే ఫైళ్లూ చాలా ఉంటాయి. కామా ఫైళ్ల పద్ధతిని 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం రాతపూర్వకంగా నమోదు చేసింది కానీ, అప్పటికే ఆ ఫైళ్లు ఎన్నో ఏళ్లుగా వాడకంలో ఉన్నందున ఎవరి అలవాటు వారిదిగానే మిగిలిపోయింది. కాబట్టి పేరు చివర సీఎస్‌వీ అని ఉన్నంత మాత్రాన లోపల కామాలే ఉంటాయని నమ్మకుండా, ముందుగా నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి రెండు మూడు వరుసలను కళ్లతో చూడాలి.

ప్రశ్న: ఖాళీ కాలమ్ అని దేన్ని అనాలి?

ఈ పని మొత్తంలో కష్టమైన ప్రశ్న ఇదొక్కటే. మిగిలినదంతా ఇరవై వరుసల స్క్రిప్టు.

శీర్షిక వరుసను వదిలేస్తే, కింద ఉన్న ఏ వరుసలోనూ విలువ లేని కాలమ్ ఖాళీ కాలమ్ అని మొదటి నిర్వచనం. వినడానికి ఇది తేటగానే ఉంటుంది కానీ, 'విలువ లేని' అన్న చోటే చిక్కంతా ఉంది. రెండు డీలిమిటర్ల మధ్య ఏమీ లేకపోతే అది ఖాళీ గడి అనడంలో అనుమానం లేదు. ఆపరేటరు స్పేస్ బార్ ఒకసారి నొక్కి వదిలేసిన గడి ఖాళీయా? నా లెక్కలో ఖాళీయే. ఒక చిన్న గీత ఉంటే? 'లేదు' అని రాసి ఉంటే? సున్నా ఉంటే? వీటికి కంప్యూటర్ దగ్గర జవాబు ఉండదు. ఆ ఫైల్‌ను నింపినవారి దగ్గరే ఉంటుంది. అందుకే స్క్రిప్టు మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద 'ఈ ఫైల్‌లో ఖాళీ అంటే ఇది' అని ఒక్క వాక్యం రాసుకోమని చెబుతాను. ఆ వాక్యం రాయలేకపోతే ఫైల్ పంపినవారికి ఫోన్ చేయాలి.

ప్రశ్న: ఎక్సెల్‌లో ఫిల్టర్ పెట్టి చూస్తే సరిపోదా?

ఒక ఫైల్, పది కాలమ్‌లు, ఒక్కసారి చూసే పని అయితే సరిపోతుంది. దానికి స్క్రిప్టు రాయడం శుద్ధ దండగ. నలభై కాలమ్‌లకు నలభైసార్లు ఫిల్టర్ బాణం నొక్కాల్సి వచ్చినప్పుడు, అదే పని ప్రతి నెలా చేయాల్సినప్పుడు స్క్రిప్టు అవసరం తెలుస్తుంది. ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలకు మించి పట్టవు. అంతకన్నా పెద్ద ఫైల్ తెరిస్తే మిగిలిన వరుసలు లోపలికి రావు, ఆ కింది వరుసల్లోనే విలువ ఉన్న కాలమ్‌ను మీరు ఖాళీ అనుకుంటారు.

ఇంతకన్నా నన్ను భయపెట్టేది మరొకటి ఉంది. సీఎస్‌వీ ఫైల్‌ను ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే, అంకెల్లా కనిపించిన ప్రతిదాన్నీ అది సంఖ్యగా మార్చుకుంటుంది. రైతు బ్యాంకు ఖాతా నంబరు సున్నాతో మొదలైతే ఆ సున్నా పోతుంది. 15 అంకెలు దాటిన నంబరులో ఆ పైన ఉన్న అంకెలు సున్నాలైపోతాయి. ఖాళీ కాలమ్‌లు చూద్దామని తెరిచి, అలవాటు కొద్దీ సేవ్ నొక్కితే చెల్లింపుల ఫైల్ పాడైనట్టే. స్క్రిప్టు ఫైల్‌ను చదువుతుందే తప్ప తాకదు.

ప్రశ్న: ఏ భాషతో మొదలుపెట్టడం మంచిది?

ఆక్, పైథాన్ రెండూ చాలు. ఆక్ 1977లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ అనే ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపితే దాని పేరు వస్తుంది. వరుసలుగా, గడులుగా ఉండే టెక్స్ట్ కోసమే దాన్ని తయారు చేశారు కనుక ఒకటి రెండు వరుసల్లో పని అయిపోతుంది. లినక్స్‌లో, మ్యాక్‌లో అది ముందే ఉంటుంది. విండోస్‌లో గిట్ బాష్ అనే ప్రోగ్రామును వేసుకుంటే దానితోపాటు వస్తుంది. పైథాన్‌లో కొంచెం ఎక్కువ రాయాలి, కానీ కొటేషన్ గుర్తులున్న కామా ఫైళ్లను అది తప్పు లేకుండా చదువుతుంది. పైప్ ఫైల్, ట్యాబ్ ఫైల్ అయితే ఆక్. కామా ఫైల్ అయితే పైథాన్. ఇది నా అలవాటు, మీకు ఇదే నియమం కానక్కర్లేదు.

ప్రశ్న: అసలు తర్కం ఏమిటి? స్క్రిప్టు ఏం చేస్తుంది?

చేత్తో చేసి చూస్తే వెంటనే అర్థమవుతుంది. అభ్యాసం కోసం అంకెలు నేనే వేసి తయారు చేసిన ఈ నీటి నమూనాల ఫైల్‌ను చూడండి:

మండలం|ఆధారం|ఫ్లోరైడ్|నైట్రేట్|రంగు|వ్యాఖ్య
మర్రిగూడ|బోరు|2.1|||
నాంపల్లి|చేతిపంపు|1.4|0||
చండూరు|బోరు||||మోటారు కాలింది

ఆరు కాలమ్‌లు కనుక ప్రతి వరుసలో ఐదు పైపులున్నాయి. ఒక కాగితం మీద 1 నుంచి 6 వరకు ఆరు గడులు గీసుకోండి. ఒక్కో వరుసను చదువుతూ, విలువ కనిపించిన కాలమ్ కింద టిక్కు పెట్టండి. మర్రిగూడ వరుసలో 1, 2, 3 గడులకు టిక్కు పడుతుంది. నాంపల్లి వరుసలో కొత్తగా 4కు పడుతుంది, ఎందుకంటే అక్కడ సున్నా ఉంది, సున్నా కూడా ఒక విలువే. చండూరు వరుసలో 6కు పడుతుంది. చివరికి టిక్కు లేకుండా మిగిలింది 5, అంటే 'రంగు'. అదే ఖాళీ కాలమ్.

స్క్రిప్టు చేసేది అచ్చంగా ఇదే. మొదటి వరుసను పేర్ల జాబితాగా దాచుకుంటుంది. మిగిలిన ప్రతి వరుసలో ప్రతి గడి ముందు వెనుక స్పేసులను తీసేసి, ఇంకా ఏమైనా మిగిలితే ఆ కాలమ్‌కు టిక్కు పెడుతుంది. ఫైల్ అయిపోయాక టిక్కు లేని కాలమ్‌ల పేర్లను చూపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు దీన్ని తలకిందులుగా ఆలోచించి, ఖాళీ గడి కనిపించగానే 'ఈ కాలమ్ ఖాళీ' అని రాసేసుకుంటారు. అలా చేస్తే పై ఫైల్‌లో ఫ్లోరైడ్ నుంచి వ్యాఖ్య వరకు నాలుగు కాలమ్‌లూ ఖాళీ జాబితాలో చేరిపోతాయి. ఒక్క విలువ కనిపిస్తే చాలు, ఆ కాలమ్ ఖాళీ కాదని తేలిపోతుంది. ఖాళీ అని తేల్చాలంటే మాత్రం చివరి వరుస దాకా చదవక తప్పదు.

టిక్కుకు బదులు లెక్క పెట్టుకుంటే ఇంకా మేలు. నాలుగు వేల వరుసల ఫైల్‌లో ఒక కాలమ్‌లో మూడే విలువలుంటే అది ఖాళీ కాదు కానీ, ఆ మూడూ పక్క కాలమ్ నుంచి జారి వచ్చినవి కావచ్చు. టిక్కు ఆ సంగతి చెప్పదు, లెక్క చెబుతుంది.

ప్రశ్న: ఇదే పనిని ఆక్‌లో ఎలా రాయాలి?

ఆక్ ప్రతి వరుసనూ తనంతట తానే గడులుగా విడగొట్టి, డాలర్ గుర్తు పక్కన అంకె పెడితే ఆ గడిని అందిస్తుంది. వరుసలో ఎన్ని గడులున్నాయో ఎన్‌ఎఫ్‌లో, ఇప్పటికి ఎన్నో వరుస చదువుతున్నామో ఎన్‌ఆర్‌లో ఉంటాయి. డీలిమిటర్‌ను మైనస్ పెద్ద ఎఫ్ అనే ఆప్షన్‌తో చెప్పాలి. పైప్ అయితే దాన్ని తప్పకుండా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. లేకపోతే షెల్, అంటే మనం టైప్ చేసిన ఆదేశాలను నడిపే ప్రోగ్రాము, దాన్ని ఒక ఆదేశం నుంచి మరో ఆదేశానికి దారిగా అనుకొని, అర్థం కాని ఎర్రర్ ఇస్తుంది.

స్క్రిప్టులో మూడు ముక్కలుంటాయి. ఎన్‌ఆర్ ఒకటి అయినప్పుడు 1 నుంచి ఎన్‌ఎఫ్ వరకు లూప్ తిప్పి పేర్లను ఒక అర్రేలో దాచి, కాలమ్‌ల సంఖ్యను వేరుగా ఒక చోట రాసుకొని, నెక్స్ట్ అని చెప్పి తరువాతి వరుసకు వెళ్లాలి. రెండో ముక్కలో, మిగిలిన వరుసలన్నిటికీ అదే లూప్ తిప్పుతూ, గడిలో స్పేస్, ట్యాబ్, క్యారేజ్ రిటర్న్ ఈ మూడూ కాని అక్షరం ఒక్కటైనా ఉంటే ఆ కాలమ్ లెక్కను ఒకటి పెంచాలి. మూడోది ఎండ్ బ్లాక్: 1 నుంచి కాలమ్‌ల సంఖ్య వరకు తిప్పి, లెక్క సున్నా ఉన్న వాటి పేర్లను ముద్రించాలి. ఎండ్ బ్లాక్‌లో ఎన్‌ఎఫ్‌ను నమ్ముకోవద్దు, మొదటి వరుసలో రాసుకున్న సంఖ్యనే వాడాలి; ఫైల్ చివర ఖాళీ వరుస ఉంటే అప్పటికి ఎన్‌ఎఫ్ సున్నా అయిపోయి, మీ స్క్రిప్టు ఏమీ మాట్లాడకుండా ముగుస్తుంది.

ప్రశ్న: ఆక్‌లో కాలమ్‌లు జరిగిపోయి కనిపిస్తున్నాయి. ఎందుకు?

డీలిమిటర్ చెప్పడం మరిచిపోయి ఉంటారు. ఏమీ చెప్పకపోతే ఆక్ స్పేసుల దగ్గర, ట్యాబుల దగ్గర విడగొడుతుంది, అదీ ఎన్ని వరుసగా ఉన్నా అన్నిటినీ కలిపి ఒక్కటిగానే లెక్కిస్తుంది. పై ఫైల్ పైపులకు బదులు ట్యాబులతో వచ్చిందనుకోండి. చండూరు వరుసలోని నాలుగు ట్యాబులూ ఒక్కటై, మధ్యలోని మూడు ఖాళీ గడులూ మాయమవుతాయి. ఫ్లోరైడ్ కాలమ్‌లోకి 'మోటారు', నైట్రేట్ కాలమ్‌లోకి 'కాలింది' వచ్చి కూర్చుంటాయి. మనం వెతుకుతున్నదే ఖాళీ గడులను. అవే కనిపించకుండా పోతే ఇక వెతికేదేముంది? ట్యాబ్ ఒక్కటే డీలిమిటర్ అని స్పష్టంగా చెబితే ప్రతి ట్యాబూ ఒక హద్దుగా నిలుస్తుంది.

పైథాన్‌లో వరుసను గడులుగా విడగొట్టే స్ప్లిట్‌కూ ఇదే గుణం ఉంది: బ్రాకెట్లలో ఏమీ రాయకపోతే స్పేసులన్నిటినీ కలిపేస్తుంది, డీలిమిటర్ రాస్తే ఖాళీ గడులను నిలబెడుతుంది. పెర్ల్, జావా భాషల స్ప్లిట్ ఇంకో రకం. డీలిమిటర్ చెప్పినా, వరుస చివర ఉన్న ఖాళీ గడులను మాత్రం వదిలేస్తుంది. ఆ రెండు భాషల్లోనూ పరిమితి స్థానంలో మైనస్ ఒకటి ఇస్తే చివరి గడులు కూడా నిలుస్తాయి.

ప్రశ్న: చిరునామా గడిలో కామా ఉంటే ఏమవుతుంది?

'ఇంటి నం. 4-12, పెద్దమ్మ గుడి వెనుక, దేవరకొండ' అన్న చిరునామాను కామా ఫైల్‌లో రాయాలంటే దాని చుట్టూ జంట కొటేషన్ గుర్తులు పెడతారు. ఆ గుర్తుల లోపలి కామా హద్దు కాదు. గడి లోపలే కొటేషన్ గుర్తు రాయాల్సి వస్తే దాన్ని రెండుసార్లు రాస్తారు. కొటేషన్ల లోపల ఎంటర్ నొక్కి ఉంటే ఒకే రికార్డు రెండు మూడు వరుసలుగా విరిగి ఉంటుంది, అది కూడా చెల్లుతుంది. మామూలు ఆక్‌కు, కట్ ఆదేశానికి, స్ప్లిట్‌కు ఈ మర్యాదలేవీ తెలియవు. అవి పై చిరునామాను మూడు గడులు చేస్తాయి, ఆ తరువాతి కాలమ్‌లన్నీ రెండు గడులు కుడికి జరుగుతాయి. ఆక్‌లోనే ఒక రకమైన గాక్‌లో, 2023లో వచ్చిన 5.3 వెర్షన్‌లో సీఎస్‌వీ కోసం ప్రత్యేక ఆప్షన్ పెట్టారు కానీ, మీ కంప్యూటర్‌లో ఉన్నది అదేనని అనుకోకండి. ఉబుంటులో సాధారణంగా ఉండేది మాక్ అనే వేరే రకం. కామా ఫైల్ అనగానే పైథాన్ వైపు వెళ్లమని నేను చెప్పడానికి కారణం ఇదే.

ప్రశ్న: పైథాన్‌లో ఎలా రాయాలి?

పైథాన్‌తోపాటే వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసుకోవాలి. వేరుగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. ఫైల్‌ను తెరిచేటప్పుడు ఓపెన్‌కు రెండు సంగతులు చెప్పాలి: న్యూలైన్ అనే చోట ఖాళీ స్ట్రింగ్, ఎన్‌కోడింగ్ అనే చోట యూటీఎఫ్-8-సిగ్. మొదటిది కొటేషన్ల లోపల విరిగిన వరుసలను సరిగ్గా చదవడానికి. రెండోది ఫైల్ మొదట్లో దాక్కునే 239, 187, 191 అనే మూడు బైట్లను తీసేయడానికి. వీటిని బీఓఎం అంటారు, ఎక్సెల్ యూటీఎఫ్-8 సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడు ఇవి చేరతాయి, తీసేయకపోతే మొదటి కాలమ్ పేరుకు ముందు కనిపించని అక్షరం ఒకటి అతుక్కొని ఉంటుంది.

తరువాత రీడర్‌కు ఫైల్‌ను, డీలిమిటర్‌ను ఇచ్చి, నెక్స్ట్‌తో శీర్షిక వరుసను తీసుకోవాలి. శీర్షికలో ఎన్ని పేర్లుంటే అన్ని సున్నాలతో ఒక లిస్ట్ చేసుకోవాలి. ఒక్కో వరుసనూ ఎన్యూమరేట్‌తో చదువుతూ, గడికి ముందు వెనుక స్పేసులను తీసేసే స్ట్రిప్ వేశాక ఏమైనా మిగిలితే ఆ స్థానంలోని లెక్కను పెంచాలి. చివర పేర్లనూ లెక్కలనూ జిప్‌తో జతపరిచి సున్నా ఉన్నవాటిని చూపించాలి. పైథాన్ సున్నా నుంచి లెక్కిస్తుంది, ఆక్ ఒకటి నుంచి లెక్కిస్తుంది. ఐదో కాలమ్‌ను పైథాన్ నాలుగు అంటుంది. ఫలితంలో కాలమ్ పేరు, ఒకటి నుంచి లెక్కించిన స్థానం రెండూ ముద్రిస్తే గొడవ ఉండదు.

అదే మాడ్యూల్‌లో గడులను కాలమ్ పేర్లతో అందించే డిక్ట్‌రీడర్ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ ఈ పనికి నేను వద్దంటాను. శీర్షికలో 'వ్యాఖ్య' అన్న పేరు రెండుసార్లు వస్తే అది రెండోదాన్నే ఉంచుకొని మొదటిదాన్ని పోగొడుతుంది. వరుసలో గడులు తక్కువైతే వాటి స్థానంలో నన్ అనే విలువ పెడుతుంది, దానికి స్ట్రిప్ వేయబోతే స్క్రిప్టు ఆగిపోతుంది.

ప్రశ్న: కంటికి కాలమ్ ఖాళీగానే ఉంది, స్క్రిప్టు మాత్రం కాదంటోంది. ఎవరిని నమ్మాలి?

స్క్రిప్టునే. కంటికి కనిపించని అక్షరాలు చాలా ఉన్నాయి.

అన్నిటికన్నా తరచుగా ఎదురయ్యేది క్యారేజ్ రిటర్న్, దాని కోడ్ 13. విండోస్‌లో తయారైన ఫైళ్లలో ప్రతి వరుస చివర 13, 10 రెండూ ఉంటాయి. లినక్స్‌లో ఆక్ 10 దగ్గర మాత్రమే వరుసను ముగిస్తుంది కనుక 13 చివరి గడికి అంటుకుపోతుంది. ఫలితంగా చివరి కాలమ్ ఎప్పటికీ ఖాళీ అనిపించదు. ఆక్‌లో క్యారేజ్ రిటర్న్‌ను కూడా లెక్కలోకి తీసుకోవద్దని పైన చెప్పింది అందుకే.

రెండోది కోడ్ 160 ఉన్న విడదీయరాని స్పేస్. వెబ్ పేజీల నుంచి పట్టికలు కాపీ చేసినప్పుడు వస్తుంది. పైథాన్ స్ట్రిప్ దీన్ని తీసేస్తుంది, మన ఆక్ స్క్రిప్టు తీయలేదు.

మూడోది తెలుగు టైప్ చేసేవారికి ప్రత్యేకం. 'కాలమ్‌లు' అని రాసేటప్పుడు పొల్లు తరువాతి అక్షరం ఒత్తుగా మారకుండా మధ్యలో ఒక కనిపించని అక్షరం పెడతాము; దాని కోడ్ 8204. యూనికోడ్ దీన్ని స్పేసుగా లెక్కించదు, కాబట్టి పైథాన్ స్ట్రిప్ కూడా దాన్ని వదిలేస్తుంది. ఒకసారి పదకొండు వందల వరుసల తెలుగు ఫైల్‌లో 'ఇతర వివరాలు' అన్న కాలమ్‌లో ఒకే ఒక్క విలువ ఉందని నా స్క్రిప్టు చెప్పింది. ఆ గడికి వెళ్లి చూస్తే ఏమీ లేదు. మౌస్‌తో లాగి చూసినా ఏమీ పట్టుబడలేదు. స్క్రిప్టులోనే తప్పుందనుకొని గంటసేపు దాన్ని తిప్పి తిప్పి రాశాను. చివరికి ఆ గడి పొడవు అడిగితే ఒకటి అంది. ఆర్డ్ ఫంక్షన్‌కు ఇస్తే 8204 అంది. ఎవరో ఏదో టైప్ చేసి, చెరిపేస్తూ, కనిపించని ఆ ఒక్క అక్షరాన్ని వదిలేశారు. అప్పటి నుంచి స్ట్రిప్ వేసే ముందు 8203, 8204, 8205, 65279 కోడ్‌ల అక్షరాలను రీప్లేస్‌తో తీసేయడం అలవాటు చేసుకున్నాను. అయితే గడి ఖాళీయా కాదా అని చూసే ప్రతిలోనే తీయాలి. అసలు డేటాలో తీస్తే మాటల రూపమే మారిపోతుంది.

ప్రశ్న: సున్నా, గీత, 'లేదు' వంటివాటిని ఖాళీగా లెక్కించవచ్చా?

సున్నాను ఎప్పుడూ లెక్కించవద్దు. నల్లగొండ జిల్లాలో ఈ మాట గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని ఐఎస్ 10500 ప్రమాణం చెబుతుంది. ఫ్లోరైడ్ గడి ఖాళీగా ఉందంటే పరీక్ష జరగలేదని అర్థం. సున్నా ఉందంటే పరీక్ష జరిగింది, ఫ్లోరైడ్ తేలలేదని అర్థం. ఈ రెండింటినీ కలిపేస్తే పరీక్షించని బోరు మంచి బోరు అయిపోతుంది. కొన్ని ల్యాబ్‌లు సున్నాకు బదులు బీడీఎల్ అని రాస్తాయి, అంటే పరికరం పట్టగలిగే స్థాయికన్నా తక్కువ అని. అది కూడా విలువే. పైథాన్‌లో ఇక్కడొక పొరపాటు సులభంగా దొర్లుతుంది. గడిని ముందే సంఖ్యగా మార్చి 'విలువ ఉందా' అని అడిగితే సున్నాకు లేదనే జవాబు వస్తుంది. గడిని స్ట్రింగ్‌గానే ఉంచి పరీక్షిస్తే ఆ బాధ లేదు.

గీత, 'లేదు', 'నిల్' వంటివి ఫైల్‌ను బట్టి ఉంటాయి. వడ్ల కొనుగోలు చిట్టాలో తేమ శాతం గడిలో గీత ఉంటే ఆపరేటరు దాటేశాడని అనుకోవచ్చు, ఎందుకంటే 17 శాతం పరిమితి ఉన్న చోట తేమ చూడకుండా కొనరు. అదే చిట్టాలో 'కోత' అన్న కాలమ్‌లో గీత ఉంటే ఏమీ కోయలేదని చెప్పడం కావచ్చు. అందుకే ఖాళీగా భావించాల్సిన మాటలను స్క్రిప్టు మొదట్లో ఒక జాబితాగా పెట్టుకోండి. ఫలితంలో నిజంగా ఖాళీ అయిన కాలమ్‌లను, ఈ మాటలతోనే నిండిన కాలమ్‌లను వేరువేరుగా చూపించండి.

ప్రశ్న: అన్ని వరుసల్లో గడుల సంఖ్య సమానంగా లేకపోతే?

ముందు ఆ సంగతి తేల్చుకొని, తరువాతే ఖాళీ కాలమ్‌ల జోలికి వెళ్లాలి. శీర్షికలో ఉన్న సంఖ్యతో సరిపోని వరుసల నంబర్లను స్క్రిప్టు ముద్రించాలి. గడులు తక్కువైతే చివరి ఖాళీ గడుల డీలిమిటర్లను ఎవరో చెరిపేశారని అనుకోవచ్చు. ఎక్కువైతే ఏదో గడిలో డీలిమిటర్ దూరిందని అర్థం, ఆ వరుసలోని లెక్కలేవీ నమ్మదగినవి కావు.

ప్రశ్న: పాండాస్ అనే పైథాన్ లైబ్రరీలో ఒక్క వరుసలో అయిపోతుందని విన్నాను. నిజమేనా?

నిజమే. ఈజ్‌ఎన్‌ఏ, ఆల్ అనే రెండు మాటలతో ఖాళీ కాలమ్‌లు తేలిపోతాయి. అయితే మనం కాగితం మీద రాసుకున్న వాక్యంతో పని లేకుండా, ఖాళీ అంటే ఏమిటో పాండాస్ తనకు తానే నిర్ణయించుకుంటుంది. 'ఎన్ఏ', 'నల్' వంటి ఆంగ్ల సంకేతాలు గడిలో ఉంటే వాటిని ఖాళీగా మారుస్తుంది. స్పేస్ మాత్రమే ఉన్న టెక్స్ట్ గడిని ఖాళీ అనుకోదు. ఈ రెండూ మనకు కావలసినదానికి వ్యతిరేకం కావచ్చు. పైగా ఫైల్‌ను మొత్తంగా మెమరీలోకి తీసుకుంటుంది. లూప్ రాయడం వచ్చాక దీన్ని నేర్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: ఫైల్ చాలా పెద్దదైతే?

పైన చెప్పిన రెండు స్క్రిప్టులూ ఒకసారికి ఒక్క వరుసనే పట్టుకుంటాయి కనుక ఫైల్ ఎంత పెద్దదైనా మెమరీ నిండదు. పైథాన్‌లో ఒకే గడి 1,31,072 అక్షరాలు దాటితే సీఎస్‌వీ మాడ్యూల్ ఎర్రర్ ఇస్తుంది. దాదాపు ఎప్పుడూ మూయని కొటేషన్ గుర్తు ఒకటి ఉండడమే దానికి కారణం.

ప్రశ్న: మండలానికొకటి చొప్పున చాలా ఫైళ్లున్నాయి. విడివిడిగా చూడాలా, కలిపి చూడాలా?

రెండు రకాలుగానూ చూడాలి. ఒక ఫైల్‌లో ఖాళీగా ఉన్న కాలమ్ మరో ఫైల్‌లో నిండుగా ఉంటే, ఆ మండలంలో ఆ వివరం సేకరించలేదని తెలుస్తుంది. అన్ని ఫైళ్లలోనూ ఖాళీ అయితేనే ఆ కాలమ్‌తో పని లేదని అనుకోవడానికి వీలవుతుంది. కలిపేటప్పుడు స్థానాలతో కాకుండా పేర్లతో జతపరచండి, ఒక ఆపరేటరు మధ్యలో కాలమ్ చేర్చి ఉండవచ్చు.

ఏళ్ల తరబడి డేటా ఉంటే మరో మెలిక ఉంటుంది. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగి పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట విడిపోయింది. అంతకు ముందటి ఫైళ్లలో 'కొత్త జిల్లా' వంటి కాలమ్‌ను తరువాత ఎవరైనా చేర్చి ఉంటే అది ఖాళీగానే ఉంటుంది. అది నిర్లక్ష్యం వల్ల ఖాళీగా ఉన్నది కాదు, అప్పటికి రాయడానికి ఏమీ లేక ఖాళీగా ఉన్నది. స్క్రిప్టు ఈ రెంటినీ ఒకే జాబితాలో చూపిస్తుంది కనుక ఫైల్ పేరులో ఏడాది ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: ఖాళీ కాలమ్ దొరికాక తీసేయవచ్చా?

అసలు ఫైల్‌లో తీసేయకండి. ఆ ఫైల్‌ను తీసుకునే మరో ప్రోగ్రాము పదిహేడో కాలమ్‌లో ఖాతా నంబరు ఉంటుందని లెక్క వేసుకొని ఉండవచ్చు. మీరు పన్నెండో కాలమ్‌ను తీసేస్తే అది పదహారవదవుతుంది. తీయాల్సే వస్తే వేరే పేరుతో కొత్త ఫైల్ రాయండి, ఏయే కాలమ్‌లు వదిలేశారో పక్కన ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో పెట్టండి. చాలాసార్లు తీసేయడం కన్నా అడగడమే ఉపయోగపడుతుంది. 'నైట్రేట్ కాలమ్ ఆరు నెలలుగా ఖాళీగా ఉంది' అని పంపినవారికి చెబితే, వారికే తెలియని సంగతి మీరు చెప్పినట్టవుతుంది.

ప్రశ్న: నా స్క్రిప్టు సరిగ్గా పని చేస్తోందని ఎలా తెలుసుకోవాలి?

జవాబు ముందే తెలిసిన ఒక చిన్న ఫైల్ మీరే చేసుకోండి. ఆరు కాలమ్‌లు పెట్టండి. ఒకటి నిండుగా ఉండాలి. ఒకటి పూర్తిగా ఖాళీగా ఉండాలి. ఒకదానిలో స్పేసులు మాత్రమే, ఒకదానిలో సున్నాలు మాత్రమే ఉండాలి. ఒకదానిలో చిట్టచివరి వరుసలో మాత్రమే విలువ ఉండాలి. ఆఖరి కాలమ్ ఖాళీగా ఉంచి ఫైల్‌ను విండోస్‌లో సేవ్ చేయాలి. స్క్రిప్టు రెండోది, మూడోది, ఆరోది చూపిస్తే సరిగ్గా ఉన్నట్టు. ఆరోది రాకపోతే క్యారేజ్ రిటర్న్ దగ్గర, నాలుగోది కూడా వస్తే సున్నాను సంఖ్యగా చూసిన దగ్గర, ఐదోది కూడా వస్తే చివరి వరుసను వదిలేస్తున్న లూప్ దగ్గర తప్పు వెతకండి. శీర్షిక వరుస ఒక్కటే ఉన్న ఫైల్‌ను కూడా ఇచ్చి చూడండి. అన్ని కాలమ్‌లూ ఖాళీ అని చెబితే, 'డేటా వరుసలే లేవు' అని చెప్పేలా మరో రెండు వరుసలు రాయాల్సి ఉంది.